ఎరల బిల్లూ, నా నడుమూ

నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, ఆ తరవాత నన్ను చెప్పనివ్వండి. నా నడుము గురించి ఈ ఊళ్ళో తలో కథా చెప్పుకుంటున్నారు. బార్బర్ షాపులో ఒకటి, చర్చిలో ఇంకోటి, స్కూలు బస్సుల్లో పిల్లలు చెప్పుకునేది మరీ ఘోరం. నడుము నాది కాబట్టి అసలు సంగతి నేనే చెబుతాను. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున మా ఆవిడ నెడ్రా వంటింట్లో టోస్టుకు వెన్న రాసుకుంటోంది. నేను పడగ్గదిలోంచి కేకేశాను.

"నెడ్రా, నాకు నడుము పట్టేసింది!"

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇప్పుడేగా మంచం కింద దూరి బూట్లు తీసుకున్నావ్?"

"అందుకే పట్టేసింది!"

టోస్టు నములుతూనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ నాలుగో తరగతి టీచరు. పరీక్ష రోజున వచ్చే కడుపునొప్పులూ, తిరనాళ్ళ ముందు వచ్చే జ్వరాలూ చూసీ చూసీ రాటుదేలిన మనిషి. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"ఆర్లిస్, మూలిగేముందు నొప్పెక్కడో తేల్చుకో. ఎడంపక్క చెయ్యి వేసుకుని కుడిపక్కకి వంకర తిరుగుతున్నావ్. మా క్లాసులో పిల్లలు ఇంతకంటే బాగా చేస్తారు."

చెయ్యి మార్చుకున్నాను. సంసారంలో సర్దుకుపోవాలి కదా.

ఇక్కడ కాస్త ఆగి, నా నడుముకూ మన శాసనసభకూ ఉన్న చుట్టరికం చెప్పాలి. చెప్పబోతుంటేనే ఒళ్ళు మండుతోంది, ఆ చక్కెర ఇటు జరపండి.

మా టీచర్లకు ఏటా కొన్ని సిక్ లీవులిస్తారు. వాడుకోనివి పోగుపడతాయి. రిటైరయ్యేటప్పుడు ఆ పోగునంతా సర్వీసులో కలుపుతారు. ఇది మేం కనిపెట్టింది కాదు, ప్రభుత్వమే పెట్టిన రూలు. జబ్బు చేసినా బడికి రండర్రా, మీ మంచి మేం చూస్తాం అన్నారు. మేం నమ్మాం. అందుకే మన స్కూల్లో జబ్బు లేని టీచరూ ఉండడు, సెలవు పెట్టిన టీచరూ ఉండడు. సంగీతం టీచరు గొంతు పోతే ఈలతో పాఠం చెప్పింది. నేను కిడ్నీలో రాయితో బోర్డు మీద వృత్తాలు గీశాను. ఆ రోజు గీసినంత వంకర వృత్తాలు నా జన్మలో గీయలేదు, కానీ సెలవు మాత్రం పెట్టలేదు. దాచుకున్న లీవులన్నీ కలుపుకుంటే నాకూ నెడ్రాకూ ఆ జూన్‌కి సర్వీసు నిండుతుందని లెక్క. ఇద్దరం ఒక్కసారే దిగిపోదామని ఎప్పటినుంచో అనుకున్నాం. ఎవరో ఒకరే దిగితే ఇంట్లో ఉండేవాళ్ళు పెత్తనం చేస్తారని మా ఇద్దరి భయం.

ఇంతలో చేపల ఎరల బిల్లు వచ్చింది.

వానపాములూ, చిన్న చేపలూ అమ్మే కొట్లకు లైసెన్సు ఎలా ఇవ్వాలన్నది ఆ బిల్లు. అలాంటివి మన శాసనసభ ఏటా రెండో మూడో పుట్టిస్తూనే ఉంటుంది. ఎవరూ చదవరు. ఆ బిల్లు పొట్టలో, వానపాములకూ మిడతలకూ నడుమ, ఒక చిన్న నిబంధన దూర్చారు. జూన్ ఒకటి మొదలుకొని టీచర్ల సిక్ లీవులు సర్వీసులో కలవవు. అంతే. మిడతల గురించి దానికంటే ఎక్కువ రాశారు.

దూర్చినవాడెవరు? మన ప్రతినిధి రాండల్ ప్రాఫిట్. పేరుకే ప్రాఫిట్, ఈ కౌంటీకి ఆయన వల్ల ఒరిగింది ఎప్పుడూ నష్టమే. పైగా నా దగ్గరే చదివాడు. శాతాలు నేర్పింది నేనే. నా ఖర్మ కాకపోతే, నేర్చుకున్న ఒక్క పాఠాన్నీ తెచ్చి నా మీదే ప్రయోగించాడు.

"పెన్షన్ నిధికి చిల్లు పడింది, అందరం త్యాగం చెయ్యాలి" అని టీవీలో ఏడుపు మొహం పెట్టాడు. చిల్లు దానంతటదే పడిందా? మా వాటా జీతం చేతికి రాకముందే ప్రతి నెలా కోసేసేవాళ్ళు. ఒక్క నెల తప్పలేదు. ప్రభుత్వం కట్టాల్సిన వాటా మాత్రం వచ్చే ఏడు, ఆ పై ఏడు అంటూ వాయిదా వేసుకుంటూ పోయారు. వాళ్ళు ఎగ్గొట్టి, త్యాగం మమ్మల్ని చెయ్యమంటారా? దేశంలో అందరికీ ఉన్న ఆ వృద్ధాప్య పింఛను కూడా మన రాష్ట్రంలో టీచర్లకు లేదు. ఈ పెన్షనొక్కటే మాకు దిక్కు. నేను అరుస్తున్నానా? అరవనివ్వండి. పక్క బల్లవాళ్ళకూ తెలియాలి.

అందుకని నేనొక నిర్ణయానికొచ్చాను. వాళ్ళెలాగూ నా లీవుల్ని మింగేస్తారు. మింగేలోపు నేనే వాడేస్తాను. సోమవారం నుంచి నడుము నొప్పి. నడుమే ఎందుకంటే, జ్వరమైతే థర్మామీటరు చెప్పేస్తుంది, కాలైతే ఎక్స్‌రే చెప్పేస్తుంది. నడుము గురించి మాత్రం మనిషి చెప్పిందే వేదం.

ఇదంతా నెడ్రాకు వివరించాను. పడుకునే వివరించాను.

"ఆ బిల్లింకా పాస్ కాలేదు" అంది.

"అవుతుంది. వాళ్ళ చేతిలో ఓట్లున్నాయ్."

"కమిటీ ముందుకు రావాలి. మనం వెళ్ళి మాట్లాడాలి."

"వెళ్ళి మాట్లాడితే వింటారా? వినేవాళ్ళయితే వానపాముల మధ్య ఎందుకు దాస్తారు?"

"మరి నీ క్లాసు పిల్లల సంగతేంటి?"

"బాస్కెట్‌బాల్ కోచ్ ఉన్నాడుగా. ఆయన చూసుకుంటాడు."

"కోచ్ ఆల్జీబ్రా చెబుతాడా?"

"చెప్పడు. కానీ విజిలేస్తాడు, పిల్లలు కూర్చుంటారు."

నెడ్రా మిగిలిన టోస్టు నోట్లో వేసుకుంది. నన్నూ, నా నడుమునూ, కిటికీనీ మార్చి మార్చి చూసింది. తరవాత దుప్పటి తెచ్చి మెడదాకా కప్పింది.

"సరే, పడుకో. కానీ ఒక్క షరతు. పట్టింది అన్నాక పట్టినట్టే ఉండాలి. వాకిట్లోకి రాకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. డాక్టరుకు చూపించుకుని సర్టిఫికెట్ తేవాలి. చేసే పనేదో సరిగ్గా చెయ్యి."

ఇంత కాపురంలో నా మాట ఇంత తొందరగా ఆవిడ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏ మాత్రం బుర్ర ఉన్న మగాడైనా అప్పుడే అనుమానించాలి. నేను మాత్రం దిండు సర్దుకున్నాను.

డాక్టరు కుర్రాడే. నొక్కాడు, వంచాడు, అతను అడిగిన చోటా అడగని చోటా నేను అరిచాను. "పైకి ఏమీ కనబడట్లేదు సర్, కానీ నడుముల సంగతి ఏదీ చెప్పలేం" అని ఏకంగా కొన్ని వారాల విశ్రాంతి రాసిచ్చాడు. విజయగర్వంతో ఇంటికొచ్చాను. వెనక సీట్లో అడ్డంగా పడుకుని వచ్చాను.

మొదటి రెండు రోజులూ స్వర్గమంటే అదే. మూడో రోజు మైకు ఓర్లీన్ దిగింది.

పక్కింటి ఓర్లీన్‌ను మీకు చెప్పాలా? చర్చిలో ప్రార్థనల జాబితా ఆవిడ చేతిలో ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఆవిడ ఇంకొకరికి ఫోను చేస్తుంది, వాళ్ళు మరొకరికి, అలా సాయంత్రానికల్లా కౌంటీ అంతా ప్రార్థిస్తుంది. ఒక్కటే చిక్కు. ఫోను మారినప్పుడల్లా జబ్బు కూడా కాస్త ముదురుతుంది. ఓర్లీన్ దగ్గర నడుము పట్టింది, వాగు అవతలికి చేరేసరికి వెన్నెముక జారింది. కొండ దిగేసరికి, పాపం ఆర్లిస్ కోంబ్స్ ఇక లేచి నడవడట.

ఇక మొదలయ్యాయి క్యాసరోళ్ళు, ఓవెన్‌లోంచి దించిన వంట గిన్నెలు దించినట్టే. మన ఊళ్ళో మనిషి మంచమెక్కితే ఆడవాళ్ళు ఊరుకోరు కదా. బీన్సు క్యాసరోల్, బంగాళాదుంప క్యాసరోల్, నూడుల్స్ క్యాసరోల్, మూత తీసి చూసినా ఏమిటో తెలియని క్యాసరోల్. ఫ్రిజ్ నిండింది, వరండా నిండింది. తెచ్చిన ప్రతి ఆవిడా లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నా దగ్గర చదివిన పిల్లల తల్లులు, తల్లుల తల్లులు. సిగ్గేసింది, అబద్ధమెందుకు? సిగ్గుతోనే తిన్నాను.

నెడ్రా మాత్రం జాలిపడలేదు. సాయంత్రం బడి నుంచి వస్తూ నా క్లాసు పిల్లల పరీక్ష పేపర్ల దొంతర పొట్టమీద పెట్టేది.

"ఇవేంటి?"

"దిద్దు. కోచ్‌కి రాదుట."

"నాకు నడుము..."

"నడుం పట్టింది, చేతులు కాదు."

దిద్దాను. కోచ్ వారమంతా పిల్లలకు పాత మ్యాచుల వీడియోలు చూపించినట్టున్నాడు. ఒకడు సమీకరణానికి జవాబుగా బంతి బొమ్మ గీశాడు. మా పిల్లలు వెనకబడిపోతున్నారని నాకు నిజంగానే నొప్పెట్టింది. అయినా మొండితనం వదల్లేదు. లెక్క తేలాలి, అంతే.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు కదా అని వంటింట్లోకెళ్ళాను. అరటిపండు పుడ్డింగు గిన్నె ఫ్రిజ్ ముందు నిలబడే లాగిస్తున్నాను. వెనక తలుపు కిర్రుమంది. మన ఊళ్ళో తలుపులకు తాళాలెవరు వేస్తారు? ఓర్లీన్! ఆలోచించే టైము లేదు. గిన్నెతో సహా నేలమీద బోర్లా పడ్డాను.

"ఓరి దేవుడా! ఆర్లిస్!"

"ఆకలేసి..." అన్నాను నేలకేసి. మూతినిండా పుడ్డింగు.

"పాక్కుంటూ వచ్చావా తండ్రీ! ఇంతదూరం పాక్కుంటూ వచ్చావా!"

ఆవిడ అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేసింది. సాయంత్రానికి, ఆర్లిస్ కోంబ్స్ గుక్కెడు నీళ్ళకోసం ఇల్లంతా పాకాడని కౌంటీ గుండె కరిగింది. మర్నాడు వరండాలో ఇంకో బల్ల వేయాల్సొచ్చింది.

ఆ గోల రాజధానిదాకా పోయింది. ఓ శనివారం పొద్దున నెడ్రా నా జుట్టు దువ్వుతూ అంది, "ప్రాఫిట్ వస్తున్నాడు నిన్ను చూడ్డానికి."

"వాడా! నా గడప తొక్కడానికి వీల్లేదు!"

"అరవకు. నడుము."

"వాణ్ణి నేను..."

"ఆర్లిస్, నువ్వు మంచం దిగావంటే ఏమవుతుందో తెలుసా? టీచర్లంతా దొంగజబ్బులోళ్ళని పేపర్లో వేయిస్తాడు. నీ ఒక్కడి పరువు కాదు, అందరిదీ పోతుంది. కదలకుండా పడుకో."

వచ్చాడు. చేతిలో రిబ్బను కట్టిన పెద్ద పంది తొడ హామ్, వెనకాల మన కౌంటీ పేపరు ఫొటోగ్రాఫరు. నవంబరులో ఎన్నికలు కదా, ఏడాదంతా కనబడనివాడు ఎన్నికల ఏట మంచాల పక్కన వెలుస్తాడు.

"మాస్టారూ! మిమ్మల్నిలా చూడాల్సొస్తుందనుకోలేదండీ" అంటూ మంచం అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఫ్లాష్ మెరిసింది.

"బాగున్నావా రాండల్" అన్నాను. పళ్ళు కరుచుకుని అన్నాను, నొప్పనుకున్నారు.

"మీరు నేర్పిన లెక్కలే సర్ ఇప్పటికీ నాకు ఉపయోగపడుతున్నాయి. శాతాలు!"

దుప్పటి కింద నా కాళ్ళు రెండూ పిడికిళ్ళు బిగించుకున్నాయి. కాళ్ళకు పిడికిళ్ళుండవంటారా? ఆ రోజు ఉన్నాయి.

"మీ టీచర్ల కోసం నేను పగలూ రాత్రీ కష్టపడుతున్నానండీ" అన్నాడు. ఫ్లాష్.

ఈ మాటకు నేను లేచి వాడి మెడ పట్టుకుని, వరండా దాటించి, క్యాసరోళ్ళతో సహా కొండకిందికి దొర్లించాల్సింది. లేవకూడదు. వాడు నా ఇంట్లో, నా మంచం మీద, నా చెయ్యి పట్టుకుని అబద్ధమాడుతుంటే, నేను పడుకుని అబద్ధమాడుతున్నాను. జీవితంలో నాకంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

నెడ్రా మాత్రం తేనె పూసినట్టు మాట్లాడింది.

"మీ కళ్ళతో మీరే చూశారు కదండీ రాండల్ గారూ. నిజంగా లేవలేకపోతున్నాడు కదూ?"

"అయ్యో, నిజంగానండీ! చూస్తుంటే గుండె తరుక్కుపోతోంది."

"ఆ మాట పేపర్లో కూడా వేయిస్తారా? ఆయనకు ధైర్యంగా ఉంటుంది."

"మొదటి పేజీలో వేయిస్తాను!"

మాట నిలబెట్టుకున్నాడు. ఫొటో మొదటి పేజీలోనే పడింది. జీవితంలో వాడు నిలబెట్టుకున్న మాట అదొక్కటేననుకుంటాను. వాడి కారు మలుపు తిరగ్గానే నేను మంచం మీంచి దూకి హామ్ ఎత్తాను, కిటికీలోంచి విసిరేద్దామని.

"కింద పెట్టు. మంచి హామ్" అంది నెడ్రా. తరవాత ఫొటో పడ్డ పేపరు వచ్చాక దాన్ని మడిచి తన సంచీలో పెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు.

బిల్లు కమిటీ ముందుకొచ్చే రోజు వచ్చింది. రాష్ట్రంలో టీచర్లంతా ఎర్ర చొక్కాలు వేసుకుని రాజధానికి బయల్దేరారు. మన స్కూలు ముందు బస్సులు వరసగా నిలబడ్డాయి. నేనూ ఎర్ర చొక్కా వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది నెడ్రా.

"ఎక్కడికేంటి? ఈ కౌంటీలో నాకంటే కోపమున్నవాడెవడు? మొదట మాట్లాడాల్సింది నేను!"

"నడుం పట్టినవాడు బస్సెక్కి రాజధానికొస్తాడా?"

చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాను.

"చొక్కా ఉంచుకో, ఎర్రది నీకు నప్పుతుంది. టీవీలో చూపిస్తారు, చూస్తూ పడుకో. తోడుగా ఓర్లీన్‌ని ఉండమన్నాను" అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

రాష్ట్రమంతా వీధుల్లో ఉంది. నేను మంచం మీద ఉన్నాను. మంచం పక్కన ఓర్లీన్ ఊలు అల్లుకుంటూ నాకు చెంచాతో సూపు పోస్తోంది.

కమిటీ గది టీవీలో కనబడింది. ప్రాఫిట్ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. చాలామంది మాట్లాడారు. వాళ్ళు మాట్లాడుతుంటే సభ్యులు ఫోన్లు చూసుకున్నారు. తరవాత నెడ్రా మైకు ముందుకొచ్చింది.

"నేను నెడ్రా కోంబ్స్‌ని. నాలుగో తరగతి టీచర్ని. మా ఆయన ఆర్లిస్ ఆల్జీబ్రా చెబుతాడు. ఇన్నేళ్ళలో ఒక్క సిక్ లీవు పెట్టలేదండీ. కిడ్నీలో రాయితో కూడా వచ్చాడు. మీ ఎరల బిల్లు వచ్చిన సోమవారం పొద్దున ఆయనకు నడుము పట్టేసింది. ఇవాళ్టిదాకా మంచం దిగలేదు."

ఫోన్లు చూసుకునేవాళ్ళు తలలెత్తారు. నేను దుప్పటి కిందికి జారాను. ఇంకో కౌంటీ సభ్యుడొకాయన ముందుకు వంగాడు.

"అంటే మీ ఆయన నటిస్తున్నాడంటారా?"

"నేనెలా చెప్పగలనండీ, నేను డాక్టర్ని కాను కదా. ప్రాఫిట్ గారు స్వయంగా ఇంటికొచ్చి చూశారు. వారినే అడగండి." సంచీలోంచి పేపరు తీసి పైకెత్తింది. మొదటి పేజీలో నేనూ, వాడూ, హామూ.

గదిలో అందరూ ప్రాఫిట్ వైపు తిరిగారు. నటన అంటే ఫొటో దిగినవాడు వెధవ అవుతాడు. నిజమంటే, రేపు ఏ టీచరు నడుము పట్టిందన్నా నమ్మక తప్పదు, బిల్లు పని అయిపోతుంది. వాడి మొహం చూసి తీరాల్సింది.

"నే... నేను చూశాను. నిజమైన బాధే" అన్నాడు.

"థాంక్సండీ" అంది నెడ్రా. "మరి ఈ జబ్బు అంటుకుంటోంది సర్. మా సంగీతం టీచరుకు మెడ పట్టడం మొదలైంది. సైన్సు మాస్టారుకు మోకాలు. ఈ బిల్లు పాసయితే జూన్‌లోపు రాష్ట్రంలో ఒక్క టీచరు కూడా నిలబడే స్థితిలో ఉండడు. పాఠాలెవరు చెబుతారు? మా ఊళ్ళో అయితే ఒక్క కోచ్ ఉన్నాడు. మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి."

గది గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఉండి, నాలుగో తరగతి పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అంది.

"జబ్బు చేసినా రండి, మీ మంచి మేం చూస్తామన్నది మీరు. మేం వచ్చాం. జ్వరాలతో వచ్చాం. ఇంట్లో పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటే మా అమ్మ దగ్గర వదిలి మీ పిల్లలకు పాఠం చెప్పడానికి వచ్చాన్నేను. ఇప్పుడేమో వచ్చినందుకేమీ లేదంటున్నారు. అదీ వానపాముల మధ్య దాచిపెట్టి. నిధి ఖాళీ అంటున్నారు. మా వాటా మేం ప్రతి నెలా కట్టాం. మీ వాటా ఏది? అది చెప్పి, తరవాత మా సెలవుల్లో చెయ్యి పెట్టండి."

"అదీ! అదీ మాట!" అంటూ నేను మంచం మీదికెగిరి నిలబడ్డాను. రెండు చేతులూ పైకెత్తి గంతులేశాను. మంచం స్ప్రింగులు కిర్రుమన్నాక గుర్తొచ్చింది.

పక్కకు చూశాను. ఓర్లీన్ చేతిలో చెంచా గాల్లోనే ఉంది.

"లేచాడు" అంది మెల్లిగా. తరవాత కొండలు మారుమోగేలా అరిచింది. "లేచాడూ! ప్రార్థన ఫలించిందీ! ఆర్లిస్ లేచాడూ!"

"ఓర్లీన్, ఆగు ఓర్లీన్, నేను..."

ఫోనెత్తేసింది. ఈసారి జబ్బు ముదరలేదు, అద్భుతం ముదిరింది. వాగు దాటేసరికి నేను లేచి నడిచాను, కొండ దిగేసరికి పరిగెత్తాను. కాసేపటికి మా ఇంటి ఫోను మోగింది. మన ప్రిన్సిపాలు.

"ఆర్లిస్, దేవుడు గొప్పవాడయ్యా. రేపు పొద్దున ఫస్ట్ పీరియడ్ నీదే. కోచ్ చేతులెత్తేశాడు."

సాయంత్రానికి కబురొచ్చింది. ఆ నిబంధన తీసేశారు. ఎవరి ఊళ్ళో ఎంతమంది కోచ్‌లున్నారో చూసుకున్నట్టున్నారు. ఎరల బిల్లులో ఎరలే మిగిలాయి. చీకటిపడే వేళ బస్సులు తిరిగొచ్చాయి. స్కూలు ముందు ఎర్ర చొక్కాలవాళ్ళు కౌగలించుకుని ఏడ్చారు, నవ్వారు. నెడ్రా గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది. నేను గుమ్మంలోనే ఎత్తుకుని తిప్పాను.

"గెలిచాం! మన సిక్ లీవులు సర్వీసులో కలుస్తాయ్! జూన్‌లో ఇద్దరం ఇంట్లోనే!"

"నన్ను దించు" అంది. దించాను. "నా లీవులు కలుస్తాయి ఆర్లిస్. నీవెక్కడున్నాయి?"

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కటే లెక్కలోకొచ్చింది. డాక్టరు రాసిచ్చిన వారాలూ, ఆ పైన పొడిగించుకున్న వారాలూ. నేను జ్వరాలతో, కిడ్నీ రాయితో కూడబెట్టిన పోగుకు క్యాసరోళ్ళు తింటూ పెద్ద బొక్క పెట్టాను. సర్వీసు నిండదు. ఇంకో ఏడాది పాఠాలు చెప్పాలి.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. బిల్లింకా పాస్ కాలేదని మొదటిరోజే చెప్పాను. వింటేగా?"

"నన్ను ఆపొచ్చుగా!"

"ఆపుదామనే అనుకున్నా. కానీ నువ్వు మూలుగుతుంటే, ఈ నడుము కమిటీకి పనికొస్తుందే అనిపించింది."

"మరి ఆ ప్రాఫిట్..."

"నేనే ఫోను చేసి పిలిచాను. సాక్షి కావాలిగా."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎవరి మీద? సంగీతం టీచరు తన పాత జ్వరాలన్నీ దక్కాయని ఫోనులో ఏడుస్తోంది. ఊళ్ళో ప్రతి టీచరుకూ ఎన్నో ఏళ్ళ కష్టం మిగిలింది. నెడ్రా తప్పేం లేదు. నా ఏడాది తిన్నది శాసనసభే. వానపాముల్లో చెయ్యి పెట్టి నా సెలవులు తీసుకోబోయినవాడు మళ్ళీ పోటీ చేసి ఓట్లడుగుతున్నాడు. నేనేమో టీచర్ల పరువు పోతుందని పేపరుకెక్కి ఒక్క నిజం చెప్పలేను. ఇది అన్యాయం కాదా? మీరే చెప్పండి!

జూన్‌లో కేకు కోశారు. నెడ్రాకు పూలదండ వేశారు, నేను ప్లేట్లు అందించాను. ఇప్పుడు ఆవిడ రోజూ పొద్దున నైటుగౌనులోనే కారు తీసి దారిలో ఇక్కడ కాఫీకి ఆపి, నన్ను స్కూలు దగ్గర దింపి, ఇంటికెళ్ళి మళ్ళీ పడుకుంటుంది. ఇంట్లో పెత్తనం సంగతి అడక్కండి.

అదిగో, హారన్.

"ఆర్లిస్! లోపలున్నావని తెలుసు! గంట కొట్టేస్తారు!"

"వస్తున్నా!"

ఆలస్యమైనా సెలవు పెట్టడానికి వీల్లేదు, ఒక్కటి తగ్గినా సర్వీసు మళ్ళీ నిండదు. వెళ్తాను మరి. నిటారుగానే వెళ్ళాలి. దేవుడు లేపినవాణ్ణి, కాస్త వంగితే చాలు, ఓర్లీన్ ఫోనెత్తుతుంది.